36 లక్షలా, 50 లక్షలా? గోదావరి లెక్కలో అసలు పేచీ

భద్రాచలం దగ్గర నీళ్ళు 53 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే పోలవరం బ్యాక్‌వాటర్ (ఆనకట్ట వల్ల వెనక్కి ఎగదన్నే నీళ్ళు) గొడవ మళ్ళీ లేస్తుంది. ముంపు లెక్క 50 లక్షల క్యూసెక్కులకు (సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీళ్ళకు) తీయాలని తెలంగాణ లాంటి ఎగువవాళ్ళు, గోదావరి జలాల ట్రిబ్యునల్ చెప్పిన 36 లక్షలకు తీస్తే చాలని ఆంధ్ర అధికారులు.

కాటన్ దొర దగ్గర్నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆ కథ అందరికీ తెలుసు. మలుపు 1980 ఏప్రిల్ 2న ఉంది. ఆ రోజు రాష్ట్రాల మధ్య ఒప్పందంలో పోలవరం స్పిల్‌వేకి, అంటే వరదని కిందికి వదిలే గేట్ల కట్టడానికి, 36 లక్షలని రాసుకున్నారు. ఆరేళ్ళు తిరిగేసరికి, 1986 ఆగస్టులో, ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షలు వచ్చాయి! తర్వాత స్పిల్‌వేని 50 లక్షలకు పెంచారు. ముంపు కాగితాల్లో మాత్రం 36 అలాగే ఉండిపోయింది.

1986 వరదని లంకల్లో ‘నూరేళ్ళ వరద’ అన్నారు, మళ్ళీ మనవల కాలానికే అన్నట్టు. ఆ మాటకు అర్థం ఏటా నూటికి ఒక వంతు అవకాశం ఉందని. 30 ఏళ్ళలో ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26. అదీ ప్రతి ఏడూ ఒకే కుండలోంచి చీటీ తీసినట్టు అనుకుంటేనే.

గోదావరి అలా నడవదు. జూన్‌లో నెర్రెలిచ్చిన నేల తాగేసే వాన, ఆగస్టులో నానిన నేల మీద పడితే నేరుగా ఏట్లోకి వస్తుంది. వాన ఒకటే, ఏటికి తగిలే కుదుపు వేరు. ఇలా అప్పటి స్థితిని బట్టి కుదుపు మారే వ్యవస్థలకు గణితం కట్టినవాడు జపాన్ గణితజ్ఞుడు కియోషి ఇటో. యుద్ధకాలంలో జపాన్ ప్రభుత్వ గణాంక కార్యాలయంలో ఉద్యోగం చేస్తూ మొదలుపెట్టి, 1944లో తన సమాకలనం (చిన్న ముక్కల్ని కూడే పద్ధతి) ప్రచురించాడు. అందులో ఒక చిక్కుంది. కాలాన్ని చిన్న ముక్కలు చేసినప్పుడు, కుదుపుని ముక్క మొదట్లో ఉన్న స్థితితో గుణించాలా, మధ్యలో ఉన్నదానితోనా? ఇటో మొదటిది తీసుకున్నాడు. 1960ల్లో రష్యాకు చెందిన స్ట్రాటనోవిచ్ రెండోది తీసుకున్నాడు. మామూలు కలనగణితంలో ముక్క చిన్నదయ్యేకొద్దీ ఈ తేడా కరిగిపోతుంది. ఇక్కడ కరగదు, సమాధానాలే వేరుగా వస్తాయి. అందుకే ఏ నియమంతో లెక్కించారో గణితజ్ఞులు ముందే చెబుతారు. మన ఇంజనీర్లు లక్షలు చెప్పి ఊరుకుంటారు.

2022 జులై వరదప్పుడు తెలంగాణ మంత్రి పోలవరం ఎత్తు తగ్గించాలన్నారు, ఆంధ్ర మంత్రులు కొట్టిపారేశారు. ఎగువవాళ్ళ చేతిలో ఉన్నవి ఈ అంకెలు: 2006లో ధవళేశ్వరం దగ్గర 28.5 లక్షలు, భద్రాచలంలో 66.9 అడుగులు. 2022లో ధవళేశ్వరం దగ్గర 25.8 లక్షలే, భద్రాచలంలో 71.3 అడుగులు. కింద నీళ్ళు తగ్గినా పైన మట్టం పెరిగిందన్నమాట. ఉపనది శబరి ఎప్పుడు కలిసింది, వాన ఎక్కడ పడింది అన్నవి కూడా చూడాలనుకోండి. అయినా ఈ తేడాకి 36 లక్షల కాగితం జవాబు కాదు.

కోనసీమ లంకల్లో అదే ఏడు వచ్చే రెండో వరదకి ధవళేశ్వరంలో 11.75 అడుగుల మొదటి హెచ్చరిక దాకా ఆగేవాళ్ళు తక్కువ. నేల ఇంకా తడిగా ఉంటే గొడ్లని ముందే గట్టెక్కిస్తారు.