బడి పదో తరగతి దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

జూన్‌లో ఏ జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్లినా ఆఫీసు గది ముందు టెన్త్ పాసైన పిల్లలు నిలబడి ఉంటారు. టీసీ కోసం వచ్చినవాళ్లు. కొన్నేళ్ల కిందట అలాంటి ఒక గదిలో పని ఉండి గంటసేపు కూర్చున్నాను. హెచ్ఎం సంతకాలు పెడుతూ ఒక్కొక్కరినీ పలకరిస్తున్నారు.

"ఏం గ్రూపురా?"

"ఎంపీసీ సార్."

"ఎందుకు?"

"మా అన్న కూడా ఎంపీసీయే సార్."

తర్వాత వచ్చిన అమ్మాయి బైపీసీ అంది, లెక్కలు రావు కాబట్టి. సీఈసీ తీసుకుంటానన్న కుర్రాడైతే ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు నెమ్మదిగా చెప్పాడు. పాలిటెక్నిక్ గురించి ఒక్కడు అడిగాడు. ప్రవేశ పరీక్ష అప్పటికే అయిపోయింది.

టీసీతో పాటు అందరూ తీసుకెళ్లే ఇంకో కాగితం బోనఫైడ్. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1970లలో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల పుణ్యమా అని, ఎవరు ఎక్కడ 'లోకల్' అన్నది నాలుగు నుంచి పది వరకు ఎక్కడ చదివారన్న దాన్నిబట్టి తేలుతూ వచ్చింది. తెలంగాణలో ఉద్యోగాల విషయంలో 2018 ఉత్తర్వులు దాన్ని ఒకటి నుంచి ఏడు తరగతులకు మార్చాయి. ముప్పై ఏళ్లు వచ్చాక కూడా ఈ ఒక్క కాగితం కోసం జనం చదివిన బడికి తిరిగొస్తారు. మిగతా విషయాల్లో బడితో వాళ్లకు పని పడటం తక్కువ.

టెన్త్‌కీ ఆ తర్వాతి చదువుకీ మధ్య ఎంత లోయ ఉందో ఫలితాలే చెబుతాయి. తెలంగాణలో 2024లో పదో తరగతి పాసైనవాళ్లు 91.31 శాతం. అందులో చాలామంది ఏడాది తిరిగేసరికి, 2025లో, ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాశారు. అప్పుడు పాసైంది 66.89 శాతం. ప్రైవేటు కాలేజీల వాళ్లను కలుపుకుని వచ్చిన లెక్క ఇది. పిల్లలు ఒక్క ఏడాదిలో మొద్దులైపోరు కదా. టెన్త్ దగ్గర మన చదువుల్లో ఒక గోడ ఉంది. దాన్ని ఎప్పుడు, ఎవరు కట్టారన్నదే ఈ కథ.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే ఈ గొడవ మొదలైంది. అప్పటి హైస్కూలు చదువంతా కాలేజీ మెట్టు ఎక్కడానికే, గుమస్తాలను తయారుచేయడానికే అన్న విమర్శ గట్టిగా ఉండేది. 1952లో వేసిన ముదలియార్ కమిషన్ మరుసటి ఏడాది నివేదిక ఇస్తూ, హైస్కూలు చదువు తనంతట తాను పూర్తి కావాలని చెప్పింది. అక్కడితో చదువు ఆపేసే పిల్లవాడికి కూడా బతుకుతెరువు కనిపించాలి. దానికోసం మల్టీపర్పస్ హైస్కూళ్లు పెట్టమంది. సైన్సు, ఆర్ట్స్ పక్కనే వ్యవసాయం, సాంకేతిక విద్య, వాణిజ్యం, లలిత కళలు, గృహ విజ్ఞానం ఉండాలి. మన దగ్గరా అలాంటివి వెలిశాయి. కొన్ని పట్టణాల్లో బడి బోర్డు మీద 'మల్టీపర్పస్' అన్న మాట ఇప్పటికీ చూడొచ్చు. లోపల ఆ పర్పసులు మాత్రం ఎప్పుడో పోయాయి. పనిముట్లకు డబ్బు కావాలి, పని నేర్పే మనిషి కావాలి. రెండూ దొరకలేదు. వాటికంటే పెద్ద చిక్కు ఇంకోటి. వడ్రంగమో వ్యవసాయమో చేసే ఇంటివాళ్లు పిల్లల్ని బడికి పంపిందే ఆ పని తప్పించడానికి.

1959లో షాద్‌నగర్‌లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ మొదలైంది. రాజస్థాన్ తర్వాత మనదే. జిల్లా బోర్డు హైస్కూళ్లు జిల్లా పరిషత్తుల చేతికి వచ్చాయి. జెడ్పీ హైస్కూల్ అన్న పేరు అప్పటిదే. ఐదారు ఊళ్లకు ఒక హైస్కూల్ రావడం, ఇంట్లో అక్షరం ముక్క రానివాళ్ల పిల్లలు ఎస్ఎస్ఎల్‌సీ (అప్పటి హైస్కూలు చివరి పరీక్ష) దాకా చదవడం చిన్న విషయం కాదు. ఈ బడుల్ని తిట్టేవాళ్లు చాలామంది ఆ గడప దాటి వచ్చినవాళ్లే. నేనూ అంతే.

అసలు మలుపు 1966 తర్వాత వచ్చింది. ఆ ఏడాది కొఠారీ కమిషన్ నివేదిక ఇచ్చింది. పదేళ్ల బడి, రెండేళ్లు ఆపై చదువు, మూడేళ్ల డిగ్రీ అన్న 10+2+3 నమూనా దానిదే. అంతవరకు మన దగ్గర హైస్కూలు అయ్యాక కాలేజీలో ఏడాది పీయూసీ, అంటే ప్రీ-యూనివర్సిటీ కోర్సు, ఉండేది. కొఠారీ కమిషన్ ఈ చదువును కాలేజీల నుంచి తప్పించి బడులకే అప్పగించమంది. పదో తరగతి దాటి చదివేవాళ్లలో సగం మంది వృత్తి కోర్సుల్లోకి వెళ్లేలా చూడమని కూడా చెప్పింది.

దేశంలో ఈ నమూనాను అందరికంటే ముందు అందుకున్నది ఆంధ్రప్రదేశే. 1969లో రెండేళ్ల ఇంటర్మీడియట్ మొదలైంది, 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది. అయితే అంకెల్ని మాత్రమే తీసుకున్నాం. ప్లస్ టూను బడిలో పెట్టకుండా జూనియర్ కాలేజీ అనే విడి గూట్లో పెట్టాం. తమిళనాడు తొమ్మిదేళ్లు ఆలస్యంగా 1978లో ప్లస్ టూ తెచ్చింది, తెచ్చినప్పుడు బడుల్లోనే పెట్టింది. అక్కడ పన్నెండో తరగతి పిల్ల ఇంకా స్కూలు పిల్లే. మన దగ్గర పదిహేనేళ్లకే కాలేజీ స్టూడెంట్.

పేరులో ఏముందనిపించవచ్చు. కానీ టెన్త్ వరకు ఉండే బోర్డు ఒకటి, ఆ తర్వాతది ఇంకోటి. స్కూలు టీచర్లు డీఎస్సీలో వస్తారు, జూనియర్ లెక్చరర్లు పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా వస్తారు. ఒకరి పాఠం ఎక్కడ ఆగిందో ఇంకొకరికి పట్టదు. మధ్యాహ్న భోజనం చూడండి. 2003 జనవరిలో ప్రాథమిక తరగతులతో మొదలై తర్వాత హైస్కూలు దాకా వచ్చింది. ఏప్రిల్ వరకు బడిలో అన్నం తిన్న పిల్ల జూన్‌లో జూనియర్ కాలేజీకి వెళ్తే అక్కడ ప్లేటు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో డొక్కా సీతమ్మ పేరుతో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో భోజనం పెట్టడం మొదలుపెట్టారు. ఇంటర్ పుట్టిన యాభై అయిదేళ్లకు.

ఆ గోడ పక్కనున్న ఖాళీలో ప్రైవేటు పంట పండింది. 1986లో ఎంసెట్ వచ్చాక ఇంటర్ రెండేళ్లూ దాని ముందు గదిలా తయారయ్యాయి. గుంటూరు, విజయవాడల్లో మొదలైన రెసిడెన్షియల్ కాలేజీలు హైదరాబాద్‌కూ అన్ని జిల్లాలకూ పాకాయి. పొద్దున్నే స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, వారం వారం ర్యాంకులు. జెడ్పీ హైస్కూల్లో టెన్త్ టాపర్లు అక్కడికే వెళ్లేవారు, ఫీజులో రాయితీ ఇచ్చి మరీ తీసుకెళ్లేవాళ్లు. ఆ టెన్షన్‌తో ఆత్మహత్యలు పెరిగితే ప్రభుత్వం 2001లో ప్రొఫెసర్ నీరదారెడ్డి కమిటీని వేసింది. సిఫార్సులు వచ్చాయి. స్టడీ అవర్లు అలాగే సాగాయి.

ఈ లోపల ప్రభుత్వం ఊరుకోలేదు. అయితే ఉన్న బడిని బాగుచేయడం కంటే మెరికల్ని ఏరుకుని విడిగా చదివించడం తేలికనిపించింది. 1971 నవంబర్‌లో అప్పటి ముఖ్యమంత్రి పి.వి.నరసింహారావు నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకులం తెరిచారు. మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. పల్లెటూరి పిల్లలు, పైసా ఫీజు లేదు, టీచర్లు ప్రాంగణంలోనే ఉంటారు. అక్కడి నుంచి కలెక్టర్లు, డాక్టర్లు, పోలీసు అధికారులు తయారయ్యారు. ఎన్టీఆర్ కాలంలో సాంఘిక సంక్షేమ గురుకులాలు మొదలయ్యాయి. తాడ్వాయి గురుకులంలో చదువుతున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. అవకాశం దొరికితే ఈ పిల్లలు ఎక్కడిదాకా వెళ్లగలరో ఇంకా రుజువు చూపాల్సిన పని లేదు. కాకపోతే గురుకులానికి వెళ్లిన ఒక్కరి వెనక ఊళ్లోని హైస్కూల్లో నలభై మంది మిగిలిపోతారు, వాళ్ల క్లాసులో చురుకైనవాడు కూడా ఇప్పుడు లేడు.

2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీలది కూడా అదే దారి, ఇంకాస్త తెలివిగా. నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో పెట్టారు. ప్రవేశ పరీక్ష లేదు, టెన్త్ మార్కులే లెక్క, ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు తర్వాత గ్రేడు పాయింటుకు 0.4 కలిపే పద్ధతి వచ్చింది. ఆరేళ్ల కోర్సు, అందులో మొదటి రెండేళ్లు పీయూసీ. 1969లో వదిలేసిన పేరు అలా తిరిగొచ్చింది. కార్పొరేట్ కాలేజీ కన్ను పడేలోపే పిల్లల్ని తీసుకుని ఇంజినీర్లను చేయాలన్నది ఆలోచన. అంటే పదిహేనో ఏట జారిపోతున్నారని ప్రభుత్వానికీ తెలుసన్నమాట. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు మెస్ దగ్గర్నుంచి టీచర్ల కొరత దాకా డిమాండ్లు పెట్టి, వానలో గొడుగులు వేసుకుని, గేటు దగ్గర వరుసగా కూర్చుని దాదాపు వారం నిరసన చేశారు. పెద్దవాళ్ల జీవితానికి తయారవడం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ వరుసలే గుర్తొస్తాయి.

ఇక మీడియం సంగతి. 1968లో తెలుగు అకాడమీ పెట్టి, ఇంటర్, డిగ్రీ పుస్తకాలు తెలుగులో వేశారు. ఊరి బడి నుంచి డిగ్రీ దాకా అమ్మభాషలో వెళ్లొచ్చన్న నమ్మకం అది. ఉద్యోగాలు ఇంగ్లీషు వైపు, ఇంజినీరింగ్ వైపు తిరిగేసరికి ఆ దారి సగంలో తెగింది. టెన్త్ వరకు త్వరణం, కిరణజన్య సంయోగక్రియ అని చదివిన పిల్లాడు ఇంటర్ మొదటి రోజున ఆక్సిలరేషన్, ఫోటోసింథసిస్ అని వింటాడు. విషయం తెలుసు, పేరు తెలియదు. చెయ్యెత్తి అడగడానికి సిగ్గు. రెండు నెలలు గడిచేసరికి విషయం కూడా తెలియదన్న నమ్మకానికి వచ్చేస్తాడు.

2008 ప్రాంతంలో సక్సెస్ స్కూళ్ల పేరుతో వేల హైస్కూళ్లలో ఇంగ్లీష్ మీడియం సెక్షన్లు తెరిచారు. 2019 చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అన్ని సర్కారు బడుల్నీ ఇంగ్లీష్ మీడియం చేస్తూ జీవో ఇస్తే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. 2022లో తెలంగాణ కూడా ఆ బాట పట్టింది. వాదనల హోరులో కాస్త పనికొచ్చిన విషయం ఒకటి నిశ్శబ్దంగా జరిగింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ అదే పాఠం ఇంగ్లీషు ఉండే పుస్తకాలు వచ్చాయి. త్వరణం ఎదురుగానే ఆక్సిలరేషన్. నన్నడిగితే మీడియం మార్చినదానికంటే ఆ ఎదురు పేజీయే పిల్లలకు ఎక్కువ మేలు చేసింది.

బడి బతుకు నేర్పుతోందా అన్నదానికి దగ్గరి జవాబు ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసే అసర్ సర్వేలో, 2023 నాటి దాంట్లో ఉంది. ఆసారి వాళ్లు 26 రాష్ట్రాల్లో 28 జిల్లాల గ్రామాలకు వెళ్లి 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను కలిశారు. పరీక్ష పేపర్లు ఇవ్వలేదు, చేతికి స్కేలు ఇచ్చారు. వస్తువును సున్నా దగ్గర పెట్టి పొడవు చెప్పమంటే 85 శాతం మంది దాకా సరిగ్గా చెప్పారు. అదే వస్తువును కొంచెం పక్కకు జరిపి, సున్నా దగ్గర కాకుండా మధ్యలో పెడితే చెప్పగలిగినవాళ్లు 39 శాతం. స్కేలు అదే, లెక్క ఒక్క తీసివేత. సున్నా నుంచే మొదలవుతుందని బడిలో నేర్పారు, జీవితంలో ఏదీ సున్నా దగ్గర పెట్టి ఇవ్వరు. ఓఆర్ఎస్ పొట్లం మీది సూచనలు చదివి చెప్పమన్నారు, కొట్లో తగ్గింపు లెక్క కట్టమన్నారు. తీసివేతలు వచ్చినవాళ్లలోనే అప్పు తీర్చే లెక్క చేయగలిగింది పది శాతం మంది. మైక్రోఫైనాన్స్ వాళ్లు వారం వారం గడప తొక్కే ఊళ్లున్న దేశంలో ఈ అంకె నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. వృత్తి కోర్సుల్లో ఉన్నవాళ్లు 5.6 శాతం. కొఠారీ కమిషన్ సగం మంది అంది.

2020 జాతీయ విద్యా విధానం తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఒకే దశ అంది. 1966లో చెప్పిందే మళ్లీ చెప్పినట్టు. 2022-23లో ఆంధ్రప్రదేశ్ 292 హైస్కూళ్లను హైస్కూల్ ప్లస్ చేసి ఆడపిల్లలకు అక్కడే ఇంటర్ పెట్టింది. ఆలోచన మంచిదే. అయితే పాఠాలు చెప్పడానికి ఉన్న స్కూల్ అసిస్టెంట్లనే సర్దారు, మొదటి ఫలితాలు బాగా నిరాశపరిచాయి. తెలంగాణలో కస్తూర్బా బాలికా విద్యాలయాల్ని కొన్నికొన్నిగా ఇంటర్ దాకా పెంచుతూ వచ్చారు. టెన్త్ తర్వాత ఆడపిల్ల బస్సెక్కి మండల కేంద్రానికి వెళ్లాల్సి రావడం, ఇంట్లోవాళ్లు వద్దనడం, ఆ వేసవిలోనే సంబంధాలు చూడటం అన్నీ ఒకదానికొకటి ముడిపడిన సంగతులు. పదకొండో తరగతి అదే గేటు లోపల ఉంటే చాలా ఇళ్లలో ఆ చర్చే రాదు.

నేను టీసీల తంతు చూసిన హైస్కూలు పక్కనే ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఉంది. ఒకప్పుడు రెండూ ఒకే ఆవరణ అట, తర్వాత ఎప్పుడో మధ్యలో ప్రహరీ కట్టారు. ఇప్పుడది ఒకచోట మనిషి పట్టేంత కూలిపోయి ఉంది. మధ్యాహ్నం గంట కొట్టాక ఇద్దరు ఇంటర్ అమ్మాయిలు ఆ సందులోంచి ఇటు వచ్చి, వంట చేసే ఆవిడను పేరు పెట్టి పిలిచారు. ఆవిడ హెచ్ఎం గది వైపు ఒకసారి చూసి, రెండు ప్లేట్లు తీసింది.