ఎల్ సిద్‌ను మతయోధుడిగా మార్చిన పుస్తకం

ఆగ్నేయ స్పెయిన్‌లోని ముర్సియా ప్రాంతం 2025 వేసవిలో రెండుసార్లు పతాక శీర్షికలకెక్కింది. జులైలో తోరె పచేకో పట్టణంలో 68 ఏళ్ల వృద్ధుడి మీద దాడి జరిగింది. దాన్ని సాకుగా తీసుకుని ఉత్తరాఫ్రికా వలసదారులను వేటాడాలంటూ సామాజిక మాధ్యమాల్లో పిలుపులు వచ్చాయి. కొన్ని రాత్రులపాటు ఊరు అట్టుడికింది. ఆ వేసవిలోనే హుమియా పురపాలక సంఘం తన క్రీడా ప్రాంగణాల్లో మత కార్యక్రమాలకు తావు లేకుండా తీర్మానం చేసింది. అక్కడి ముస్లింలు ఈద్ నమాజు చేసుకునేది ఆ ప్రాంగణాల్లోనే. తీర్మానానికి మూలం తీవ్ర మితవాద వోక్స్ పార్టీ పెట్టిన ప్రతిపాదన.

ఈ పార్టీ మాట్లాడే భాష కొత్తది కాదు. 2018లో ఆండలూసియా ఎన్నికలకు ముందు దాని నాయకుడు సాంతియాగో అబాస్కల్ అనుచరులతో కలిసి గుర్రమెక్కి ‘రెకోన్‌కిస్తా’, అంటే ముస్లిం పాలన నుంచి స్పెయిన్‌ను తిరిగి గెలుచుకునే పునర్విజయం, ఇక్కడి నుంచే మొదలవుతుందని వీడియో విడుదల చేశారు. 2019 సార్వత్రిక ఎన్నికల ప్రచారాన్ని కోవదోంగాలో ప్రారంభించారు. ముస్లింలపై క్రైస్తవుల తొలి గెలుపుగా చెప్పే యుద్ధం జరిగింది అక్కడే. ఈ పునర్విజయ గాథలో అందరికీ తెలిసిన కథానాయకుడు ఒక్కడే, ఎల్ సిద్. గుర్రం బబియేకా, కత్తి తిసోనా, చనిపోయాక కూడా శవాన్ని జీనుకు కట్టి యుద్ధం గెలిపించారన్న కథ స్పెయిన్‌లో చిన్న పిల్లలకు కూడా తెలుసు. వాటిని మళ్లీ చెప్పనక్కరలేదు. ఎల్ సిద్‌గా పేరుపడ్డ పదకొండో శతాబ్దపు రోద్రిగో దియాస్ అనే సైనికుడు ఒక మతం తరఫున మరో మతంపై పోరాడిన యోధుడిగా ఎప్పుడు మారాడు, ఎవరు మార్చారు అన్నదే ఈ గొడవలో అసలు సంగతి.

ముందుగా ముర్సియాకే సంబంధించిన ఒక ఘట్టం చెప్పాలి. 1088 ప్రాంతంలో అక్కడి అలేదో కోటలో ఉన్న క్రైస్తవ సైన్యాన్ని ఆఫ్రికా నుంచి వచ్చిన అల్మొరావిద్ వంశపు ముస్లిం సుల్తాను ముట్టడించాడు. కస్తీయా రాజు అల్‌ఫోన్సో సాయానికి బయలుదేరుతూ రోద్రిగోను వచ్చి కలవమన్నాడు. రోద్రిగో సమయానికి చేరలేదు. కావాలనే రాలేదని శత్రువులు రాజుకు నూరిపోశారు. రాజు అతన్ని ద్రోహిగా ప్రకటించి ఆస్తులు లాగేసుకున్నాడు. తాను నిర్దోషినంటూ రోద్రిగో పంపిన ప్రమాణాలు ‘హిస్తోరియా రొదెరిసి’ అనే లాటిన్ చరిత్రలో ఉన్నాయి. ఈనాడు ఎవరి పేరు చెప్పి ముర్సియాను రక్షిస్తామంటున్నారో ఆ వీరుడికి అలేదో విషయంలో మిగిలింది ఈ నిందే.

అంతకు ముందు 1081లో రాజు అతన్ని తొలిసారి దేశం నుంచి వెళ్లగొట్టినప్పుడు కొలువిచ్చింది సరగోసా ముస్లిం పాలకుడు. ఆ వంశంలోని అల్ ముఅతమన్ రేఖాగణితంలో పేరున్న పండితుడు కూడా. ఆ వంశం తరఫున రోద్రిగో దాదాపు అయిదేళ్లు పోరాడాడు. 1082లో అల్మెనార్ దగ్గర బార్సిలోనా క్రైస్తవ ప్రభువును బందీగా పట్టుకున్నాడు. 1084లో అరగాన్ క్రైస్తవ రాజును ఓడించాడు. ఇందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. ఆనాటి స్పెయిన్‌లో చిన్న చిన్న ముస్లిం రాజ్యాలు క్రైస్తవ రాజులకు ఏటా బంగారం కప్పం కట్టి రక్షణ కొనుక్కునేవి. కత్తి ఉన్నవాడికి జీతం ఎక్కడ దొరికితే అదే కొలువు.

రోద్రిగో పోయాక నూరేళ్లకు పుట్టిన కావ్యం కూడా ఈ సంగతి దాచలేదు. ‘సిద్ గీతం’లో దుర్మార్గులెవరో చూడండి. సిద్ కూతుళ్లను పెళ్లాడిన కారియోన్ యువరాజులు ఇద్దరూ క్రైస్తవులే, పెద్ద వంశస్థులే. భార్యలను కోర్పెస్ ఓక్ అడవిలోకి తీసుకెళ్లి, బట్టలూడదీసి, తోలు పట్టీలతో కొట్టి, చచ్చారనుకుని వదిలేస్తారు. వెతుక్కుంటూ వచ్చిన మేనల్లుడు ఫేలెస్ మున్యోస్ తన టోపీ తీసి దానితో నీళ్లు తెచ్చి వాళ్లకు తాగిస్తాడు. అది వలెన్సియాలో సంపాదించిన కొత్త టోపీ అని కూడా కవి మరిచిపోకుండా చెబుతాడు. అదే దారిలో మోలినా పాలకుడు అబెన్‌గల్బోన్ అనే ముస్లిం ఆ కుటుంబానికి రక్షణగా నడుస్తాడు. అతన్ని చంపి సొత్తు కాజేయాలని యువరాజులు పన్నాగం పన్నుతారు. ఆ సంగతి తెలిసినా, సిద్ ముఖం చూసి వాళ్లను ప్రాణాలతో వదిలేస్తాడు. కావ్యంలో మర్యాద తెలిసిన పాత్రల్లో ఇతను ఒకడు.

పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి నాటక రచయిత కోర్నెయ్ సిద్‌ను ప్రేమకూ పరువుకూ మధ్య నలిగే యువకుడిగా తీర్చిదిద్దాడు. అసలు మలుపు మాత్రం 1849లో వచ్చింది.

ఆ ఏడాది రైన్‌హార్ట్ డోజీ అనే డచ్చి పండితుడు, అంతవరకూ యూరప్‌లో ఎవరూ సరిగా పట్టించుకోని అరబ్బీ రాతప్రతుల ఆధారంగా సిద్ చరిత్ర ప్రచురించాడు. రోద్రిగో చేసిన వలెన్సియా నగర ముట్టడిని కళ్లారా చూసిన ఇబ్న్ అల్ఖమా గ్రంథం మూలరూపంలో దొరకదు. అయితే ఒక పాత కస్తీలియన్ చరిత్రలో ముట్టడి గురించి ఉన్న భాగం అరబ్బీ నుంచి చేసిన అనువాదమేనని డోజీ నిరూపించాడు. ఊళ్లో కరవు ముదిరేకొద్దీ గోధుమల ధర ఎలా ఎగబాకిందో కూడా ఆ వివరణలో ఉంది. 1094లో నగరం లొంగిపోయింది. మరుసటి ఏడాది రోద్రిగో అక్కడి ఖాజీ ఇబ్న్ జహ్హాఫ్‌ను సజీవంగా కాల్చి చంపించాడు. ఇంత రాసిన ముస్లింలే అతని ధైర్యాన్నీ మెచ్చుకున్నారు. కొన్నేళ్ల తర్వాత ఇబ్న్ బస్సామ్ అతన్ని తిట్టిన పేజీలోనే, దేవుడి అద్భుతాల్లో ఒకడు అని కూడా రాశాడు. శత్రువు మంచీ చెడూ కలిపి రాసిన సాక్ష్యం కంటే విలువైనది చరిత్రకారుడికి ఏముంటుంది?

స్పెయిన్‌లో చాలామందికి డోజీ పుస్తకం దేశానికి జరిగిన అవమానంలా తోచింది. 1898లో అమెరికా చేతిలో ఓడి క్యూబా, ఫిలిప్పీన్స్ పోగొట్టుకున్నాక ఆ గాయం ఇంకా సలిపింది. పాత యుద్ధ కీర్తి మానుకుని బడులూ నీటిపారుదలా చూసుకుందామనీ, సిద్ సమాధికి రెండు తాళాలు వేద్దామనీ హోకీన్ కోస్తా అనే మేధావి అన్నాడు. ఆ సమాధిని మళ్లీ తెరిచినవాడు రామోన్ మెనెందెస్ పిదాల్ అనే స్పానిష్ పండితుడు.

ఆయన పాండిత్యాన్ని తక్కువ చేయడం అన్యాయం. 1900లో పెళ్లయిన కొత్తలో భార్య మరియా గోయ్రితో కలిసి సిద్ నడిచిన దారి వెంట ప్రయాణించాడు. ఒస్మా దగ్గర బట్టలుతికే ఒక ఆవిడ పాడిన పాట విని, నాలుగు వందల ఏళ్ల నాటి జానపద గాథ జనం నోళ్లలో ఇంకా బతికే ఉందని ఆ దంపతులు గుర్తించారు. కావ్యపాఠాన్ని అక్షరం అక్షరం పరిష్కరించింది కూడా ఆయనే. 1929లో ఆయన ‘సిద్ నాటి స్పెయిన్’ రెండు సంపుటాలుగా వెలువడింది. అందులో రోద్రిగో రాజభక్తుడు, న్యాయశీలి, చీలిపోయిన స్పెయిన్‌ను ఆఫ్రికా దండయాత్ర నుంచి కాపాడిన జాతీయ నాయకుడు. ఖాజీ దహనం, వలెన్సియా పాత పాలకుణ్ణి చంపించిన హంతకుడికి చట్టప్రకారం పడిన శిక్ష. అలేదో ఒక అపార్థం. డోజీ సిద్ మీద ద్వేషంతో రాశాడని ఆయన వాదించాడు.

ఈ కట్టడమంతా కావ్యం వయసు మీద నిలిచింది. అది 1140 ప్రాంతంలో, సంఘటనలు జనానికి ఇంకా గుర్తున్న రోజుల్లో పుట్టిందని ఆయన నమ్మాడు. అప్పుడది దాదాపు సాక్ష్యమవుతుంది. రాతప్రతి చివర ఉన్న సంవత్సరం మాత్రం 1207. కావ్యం ఆ దశకానికి చెందినదేనని నేడు ఎక్కువమంది పండితులు భావిస్తున్నారు. అలాంటప్పుడు అది గొప్ప సాహిత్యం, అంతే. దాన్ని పట్టుకుని అరబ్బీ సాక్షులను దిద్దడానికి వీల్లేదు.

ఆ పుస్తకం వెలువడిన ఏడేళ్లకు స్పెయిన్‌లో అంతర్యుద్ధం వచ్చింది. 1936 అక్టోబరు 1న నియంత ఫ్రాంకో దేశాధినేతగా ప్రమాణం చేసింది సిద్ సొంత ప్రాంతమైన బూర్గోస్‌లోనే. మెనెందెస్ పిదాల్ ఫ్రాంకో మనిషి కాదు. యుద్ధకాలం విదేశాల్లో గడిపి 1939లో తిరిగొచ్చిన ఆయన్ను కొత్త పాలకులు అనుమానంగానే చూశారు. అయినా ఆయన గీసిన బొమ్మ వాళ్లకు సరిగ్గా సరిపోయింది. 1955 జులైలో బూర్గోస్ నడిబొడ్డున, గుర్రంపై కత్తి చాచి దూకుతున్న సిద్ కంచు విగ్రహాన్ని ఫ్రాంకో ఆవిష్కరించాడు. సిద్ స్పెయిన్ ఆత్మ అని కొనియాడాడు. అంతర్యుద్ధంలో ఫ్రాంకోను గెలిపించిన సేనల్లో వేలాది మొరాకో ముస్లింలు ఉన్నారు. అప్పటికి కూడా అతని అశ్విక అంగరక్షకులు మొరాకో వాళ్లే. ఆ విగ్రహం ముందున్న సాన్ పాబ్లో వంతెన మీద సిద్ బంధుమిత్రుల శిలావిగ్రహాలు నిలబెట్టారు. భార్య హిమేనా, కొడుకు దియేగోలతోపాటు అబెన్‌గల్బోన్ కూడా వాటిలో ఉన్నాడు. ఫ్రాంకో కాలపు శిల్పులు కూడా ఆ ముస్లిం స్నేహితుణ్ణి కథలోంచి తీసేయలేకపోయారు.

1961లో చార్ల్‌టన్ హెస్టన్ నటించిన హాలీవుడ్ సినిమా ఈ సిద్‌ను ప్రపంచమంతా తిప్పింది. తొంభై దాటిన మెనెందెస్ పిదాలే దానికి చరిత్ర సలహాదారు. విద్వాంసుల లెక్క మాత్రం తర్వాత మారింది. 1989లో రిచర్డ్ ఫ్లెచర్, 2019లో దావిద్ పోర్రినాస్ రాసిన గ్రంథాల్లో సిద్ సరిహద్దుల మీద సొంత సంస్థానం కట్టుకున్న దండనాయకుడు.

సంప్రదాయవాదులు చెప్పేదానిలోనూ కొంత నిజముంది. అల్మొరావిద్ సైన్యాన్ని క్వార్తె దగ్గర 1094లో ఓడించింది రోద్రిగోయే. కొడుకు దియేగో వాళ్లతో యుద్ధంలోనే చనిపోయాడు. కానీ వలెన్సియాను అతను ఏలింది తన పేరు మీద.

కత్తి తిసోనాగా చెప్పే ఆయుధాన్ని 2007లో కస్తీయా లియోన్ ప్రాంతీయ ప్రభుత్వం 16 లక్షల యూరోలు పెట్టి కొన్నది. అది సిద్ కాలం నాటిది కాదని సాంస్కృతిక మంత్రిత్వ శాఖ నిపుణులు అప్పటికే తేల్చినా బూర్గోస్ మ్యూజియంలో ప్రదర్శిస్తున్నారు. 2022లో అదే ప్రాంతంలో వోక్స్ తొలిసారిగా ప్రభుత్వంలో భాగస్వామి అయింది. 2024 జులైలో బయటికి వచ్చేదాకా అది తన చేతిలో ఉంచుకున్న శాఖల్లో సాంస్కృతిక శాఖ ఒకటి.