కెనడాలో సెటిల్‌మెంట్ సెంటర్లు: మనవాళ్ళ అపోహలు, అసలు సంగతులు

నేను టొరంటో పక్కన మిస్సిసాగాలో సెటిల్‌మెంట్ వర్కర్‌ని. వలస వచ్చినవాళ్ళు, శరణార్థులు ఇక్కడ నిలదొక్కుకునేదాకా తోడుండే కమ్యూనిటీ సెంటర్‌లో పని. సిరియా, ఎరిత్రియా, అఫ్గానిస్తాన్ వాళ్ళు తరచూ దిగిన కొద్ది రోజులకే మా దగ్గరికి వస్తారు. మన తెలుగువాళ్ళలో చాలామంది ఏడాది గడిచాక, ఎవరికో డబ్బు కట్టి చిక్కుల్లో పడ్డాక వస్తారు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాటలు ఇందుకు చాలావరకు కారణం.

అపోహ: అవి రెఫ్యూజీల కోసం. పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద వచ్చిన మనకెందుకు?

వాస్తవం: ఫెడరల్ ఇమిగ్రేషన్ శాఖ నిధులతో నడిచే సేవలు పీఆర్ మీద కొత్తగా వచ్చినవాళ్ళందరికీ వర్తిస్తాయి. నైపుణ్యాన్ని బట్టి పీఆర్ ఇచ్చే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరూ, శరణార్థుల క్యాంపు నుంచి వచ్చిన కుటుంబమూ అదే వెయిటింగ్ రూమ్‌లో కూర్చుంటారు. పైసా కట్టక్కర్లేదు. పీఆర్ ఖాయమయ్యాక, ఇంకా హైదరాబాద్‌లో ఉండగానే ఆన్‌లైన్‌లో వాడుకునే సేవలు కూడా ఉన్నాయి.

మొదటిసారి వచ్చినప్పుడు మేం చేసేది పెద్ద విద్యేమీ కాదు. కూర్చోబెట్టి అడుగుతాం. సిన్ నంబర్ (ఉద్యోగానికి, టాక్సులకి కావలసిన ప్రభుత్వ సంఖ్య) వచ్చిందా? పిల్లల్ని బడిలో చేర్చారా? ఇంటి అద్దె ఎలా కట్టారు? ఈ మూడో ప్రశ్న దగ్గరే చాలా సంగతులు బయటపడతాయి. మా ఒంటారియో రాష్ట్రంలో ఇంటి యజమాని ఒక నెల అద్దెకి మించి డిపాజిట్ అడగకూడదు, అదీ చివరి నెల అద్దె కింద జమ చెయ్యాలి. గోడలు పాడైతే అని విడిగా డిపాజిట్ తీసుకోవడం చట్టవిరుద్ధం. ఇది తెలియక ఆరు నెలల అద్దె ముందే చేతిలో పెట్టేసినవాళ్ళు ఉన్నారు.

ఓహిప్ (ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా) కార్డుకి మూడు నెలలు ఆగాలన్న నిబంధన 2020 మార్చిలోనే పోయింది. పాత పోస్టులు చదివి ఇప్పటికీ ఆగేవాళ్ళున్నారు. పిల్లల ఖర్చులకి నెలనెలా వచ్చే కెనడా చైల్డ్ బెనిఫిట్ సంగతీ అంతే. భార్యకి ఒక్క డాలర్ సంపాదన లేకపోయినా భార్యాభర్తలిద్దరూ ఏటా టాక్స్ రిటర్న్ వెయ్యాలి. "ఆవిడకి ఆదాయమే లేదు కదా" అని ఒక్కరే వేస్తే ఆ డబ్బు ఆగిపోతుంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ రిటర్నులు వలంటీర్లు ఉచితంగా వేసిపెడతారు, ఆ సీజన్‌లో చాలా సెంటర్లలో ఈ క్లినిక్కులు నడుస్తాయి.

అపోహ: సెంటర్‌కి వెళ్తే ఉద్యోగం ఇప్పిస్తారు.

వాస్తవం: ఇప్పించం. రెజ్యూమె ఇక్కడి పద్ధతిలో రాయడం నేర్పిస్తాం, అదే రంగంలో ఉన్న మెంటర్‌తో కలుపుతాం, నర్సులకి, ఫార్మసిస్టులకి లైసెన్సు దారి చూపిస్తాం. ఆ దారి పొడుగైనది, ఖర్చుతో కూడుకున్నది. ముందే చెబితే కొందరికి కోపం వస్తుంది కానీ, చెప్పకుండా ఉండటం నాకు నచ్చదు.

అపోహ: ఇంగ్లీష్ మీడియంలో చదివాం, క్లాసులెందుకు?

వాస్తవం: మీకు అక్కర్లేకపోవచ్చు. మీ ఇంట్లో వాళ్ళకి? లింక్ అనే ఉచిత భాషా తరగతులు 1992 నుంచి ఉన్నాయి. చాలాచోట్ల తల్లి క్లాసులో ఉన్నంతసేపూ పసిపిల్లల్ని పక్క గదిలో చూసుకుంటారు. 18 నుంచి 54 ఏళ్ళ వాళ్ళు సిటిజన్‌షిప్‌కి కెనడా భాషా కొలమానంలో నాలుగో స్థాయి భాష వచ్చని చూపించాలి, అందుకు ఈ సర్టిఫికెట్ పనికొస్తుంది. దానికన్నా నాకు ముఖ్యంగా కనిపించేది వేరే ఉంది: రోజంతా బేస్‌మెంట్ ఇంట్లో ఒంటరిగా ఉండే ఆడవాళ్ళకి భర్త తరఫు పరిచయాలు కాకుండా సొంతంగా నలుగురు తెలిసేది ఆ క్లాసులోనే.

అపోహ: భర్త స్పాన్సర్ చేశాడు, విడిపోతే పీఆర్ పోతుంది.

వాస్తవం: ఈ అబద్ధం చేసినంత నష్టం ఇంకేదీ చెయ్యలేదు. "ఒక్క మెయిల్ పెడితే నిన్ను ఇండియాకి పంపించేస్తారు" అని బెదిరించే మగవాళ్ళు మనలోనూ ఉన్నారు. స్పాన్సర్ చేసినవాళ్ళతో రెండేళ్ళు కలిసి ఉండాలన్న షరతు 2012లో కొందరికి పెట్టారు, 2017 ఏప్రిల్‌లో ఎత్తేశారు. ఒకసారి పీఆర్ వచ్చాక, ఆ పెళ్ళి నిజమైనదైతే, విడిపోయినంత మాత్రాన అది పోదు. పైగా స్పాన్సర్ చేసినవాడు మూడేళ్ళపాటు భార్య కనీస అవసరాలకి బాధ్యుడినని ప్రభుత్వానికి రాసిచ్చాడు, విడిపోయినా ఆ బాధ్యత ఉంటుంది. పీఆర్ ఇంకా చేతికి రాని భార్యల విషయం వేరు. అక్కడ వకీలు కావాలి, లీగల్ క్లినిక్‌కి మేమే పంపిస్తాం.

"మీకు చెబితే మావాళ్ళకి తెలిసిపోతుందేమో అక్కా" అని అడుగుతారు. వాళ్ళకి తెలియదు. ఏ సేవ వాడుకున్నారన్నది శాఖకి రిపోర్టు వెళ్తుంది, మీరు నాతో చెప్పుకున్న కష్టం వెళ్ళదు. సేవలు వాడుకున్నందుకు సిటిజన్‌షిప్ దరఖాస్తు దెబ్బతినదు. పిల్లలకి హాని జరుగుతోందని తెలిస్తే మాత్రం చట్టప్రకారం చెప్పి తీరాలి, ఆ మాట ముందే చెప్పేస్తాం.

అపోహ: రెఫ్యూజీలకి అన్నీ ఫ్రీ. టాక్సులు మనవి, సుఖం వాళ్ళది.

వాస్తవం: ఈ మాట మనవాళ్ళ విందుల్లో వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రభుత్వం తీసుకొచ్చే శరణార్థుల్లో చాలామంది విమాన టికెట్లకి అప్పుతో వస్తారు. 2018 నుంచి దాని మీద వడ్డీ లేదు, అసలు మాత్రం తీర్చాలి. నెలవారీ సాయం మామూలుగా ఒక ఏడాది వస్తుంది, అదీ రాష్ట్ర సంక్షేమ భృతి స్థాయిలో. ఆ డబ్బుతో ఈ ఊళ్ళో ఇల్లు ఎలా దొరుకుతుందో లెక్క వేసుకోండి. ఇంకొందరిని మామూలు పౌరులే గుంపుగా చేరి, ఏడాదిపాటు పోషిస్తామని మాటిచ్చి తెచ్చుకుంటారు. శరణార్థులకి చేసిన సాయానికి 1986లో ఐక్యరాజ్యసమితి నాన్సెన్ పతకాన్ని మొత్తం కెనడా ప్రజలకే ఇచ్చింది.

చివరగా, అపోహ కాని ఒక నిజం. స్టూడెంట్ వీసా, వర్క్ పర్మిట్ మీద ఉన్న పిల్లలకి ఫెడరల్ నిధుల సేవలు మామూలుగా అందవు. సూపర్ వీసా మీద మనవల్ని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకీ అంతే. ఇది నాకు సమ్మతం కాదు, కానీ నిబంధన అలా ఉంది. అయినా అడగండి: ఒంటారియో ప్రభుత్వం నిధులిచ్చే కొన్ని సేవల్లో వీళ్ళలో కొందరికి చోటుంది. విద్యార్థులకి కాలేజీలోనే ఇంటర్నేషనల్ ఆఫీసు ఉంటుంది, పెద్దవాళ్ళకి లైబ్రరీలు, సీనియర్ క్లబ్బులు ఉన్నాయి. పీఆర్ దారి చూపిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే, వాళ్ళ లైసెన్సు నంబరు ఇమిగ్రేషన్ కన్సల్టెంట్లకి లైసెన్సులిచ్చే సంస్థ (దాన్ని కాలేజీ అంటారు) వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే మాట్లాడండి. ఏ సెంటర్‌కి వెళ్ళాలో తెలియకపోతే, స్థానిక సేవల సమాచారం చెప్పే 211కి ఫోన్ చెయ్యండి. దుబాసీ కావాలంటే అడగొచ్చు.