కణితి తీశాక ఆ చెవి మళ్లీ వింటుందా? అపోహలు - వాస్తవాలు

ఆరోగ్యశ్రీ పుణ్యమా అని కాక్లియర్ ఇంప్లాంట్ పేరు తెలుగు ఇళ్లకు కొత్త కాదు. కానీ అది పుట్టుచెవుడు ఉన్న పిల్లలకే అని చాలామంది నమ్మకం. నేను ఇంప్లాంట్లకు మ్యాపింగ్ (రోగికి సరిపడేలా సంకేతాలను సర్దడం) చేసే ఆడియాలజిస్టుని. వెస్టిబ్యులార్ ష్వానోమా, అంటే చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం మీద గడ్డ, వచ్చిన పెద్దవాళ్లు నా దగ్గరికి తెచ్చే నమ్మకాలు ఇంకా వేరు.

అపోహ: వినికిడి నరానికి కణితి అంటే క్యాన్సరే.

వాస్తవం: దాదాపు ఎప్పుడూ కాదు. ఇది సాధారణంగా నెమ్మదిగా పెరిగే గడ్డ. అది పుట్టేది వినికిడి నరంలో కూడా కాదు, పక్కనే ఉండే సమతుల్యతా నరం తొడుగులో. 'అకౌస్టిక్ న్యూరోమా' (వినికిడి నరం కణితి) అన్న పాత పేరే ఈ గందరగోళానికి సగం కారణం.

అపోహ: గడ్డ తీసేస్తే వినికిడి దానంతటదే వస్తుంది.

వాస్తవం: పోయిన వినికిడి అలా తిరిగి రావడం చాలా అరుదు. నష్టం కేవలం ఒత్తిడి వల్లే జరగదు. లోపలి చెవికి వెళ్లే రక్తం తగ్గవచ్చు, అక్కడి ద్రవంలో ప్రోటీన్లు పేరుకోవచ్చు. పైగా చెవి వెనుక నుంచి సమతుల్యత చూసే అర్ధవృత్తాకార నాళాలను తొలిచి వెళ్లే ట్రాన్స్‌ల్యాబిరింథైన్ ఆపరేషన్‌లో మిగిలిన వినికిడి కూడా పోతుంది.

అపోహ: ఇక ఆ చెవికి ఇంప్లాంట్ పెట్టినా దండగే.

వాస్తవం: అసలు సంగతి ఇక్కడుంది. ఇంప్లాంట్‌లోని 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు కాక్లియాలో (లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే భాగం) కూర్చుని, శబ్దాన్ని పట్టే, చెడిపోయిన రోమకణాలను దాటి నేరుగా నరానికి విద్యుత్ సంకేతం అందిస్తాయి. కాబట్టి గడ్డను తీస్తూ వినికిడి నరాన్ని తెగకుండా కాపాడగలిగితే అవకాశం మిగులుతుంది. నరం చూడటానికి నిలిచి ఉన్నా పనిచేయకపోవచ్చు. అందుకే కొన్ని చోట్ల ఆపరేషన్ బల్ల మీదే విద్యుత్‌తో ప్రేరేపించి, మెదడు కాండం (మెదడు అడుగు భాగం) నుంచి స్పందన వస్తోందో లేదో చూస్తారు. మామూలు చెవుడుకు పెట్టినప్పుడు వచ్చినంత ఫలితం అందరికీ రాదు. కొందరు ఫోనులో మాట్లాడతారు, కొందరికి శబ్దం ఉందని మాత్రమే తెలుస్తుంది.

అపోహ: ముందు గడ్డ సంగతి చూసి, ఇంప్లాంట్ గురించి రెండేళ్ల తర్వాత ఆలోచించవచ్చు.

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ వాయిదాయే. ఆపరేషన్ తర్వాత కాక్లియా లోపల పీచు కణజాలం, ఆపై ఎముక పేరుకోవచ్చు. అప్పుడు ఎలక్ట్రోడ్ దూరదు. అందుకే అదే ఆపరేషన్‌లో ఇంప్లాంట్ పెట్టడమో, దారి మూసుకుపోకుండా ఉత్తుత్తి ఎలక్ట్రోడ్ ఉంచడమో చేస్తారు. ఈ ప్రశ్న సర్జన్‌ని ఆపరేషన్‌కు ముందే అడగాలి.

అపోహ: ఇంప్లాంట్ ఉంటే ఎంఆర్ఐ కుదరదు.

వాస్తవం: కొత్త పరికరాలు చాలావరకు అనుమతిస్తాయి. ఇంప్లాంట్‌లోని అయస్కాంతం నీడ మాత్రం చిత్రం మీద పడుతుంది. గడ్డ మళ్లీ పెరుగుతోందేమో చూడాలి కాబట్టి, ఆ అయస్కాంతాన్ని కాస్త వెనక్కి అమర్చాలని సర్జన్లే ఆలోచిస్తారు.

అపోహ: నరం తెగితే ఇక దారి లేదు.

వాస్తవం: రెండు వైపులా గడ్డలు వచ్చే జన్యు వ్యాధి అయిన ఎన్‌ఎఫ్2 రోగుల్లో ఈ భయం నిజమవుతుంటుంది. వారికోసమే 1979లో లాస్ ఏంజెలెస్‌లో డాక్టర్లు విలియం హౌస్, విలియం హిట్సెల్‌బర్గర్ మెదడు కాండం మీదే ఎలక్ట్రోడ్ అమర్చారు. ఆ పద్ధతి పేరు ఆడిటరీ బ్రెయిన్‌స్టెమ్ ఇంప్లాంట్. 2000లో అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని ఆమోదించింది. దానితో ఎక్కువమందికి మాట పూర్తిగా అర్థం కాదు, కానీ పెదవుల కదలిక చూస్తూ వింటే సంభాషణ సులువవుతుంది. వెనుక నుంచి వచ్చే లారీ హారన్ వినిపిస్తుంది.