తలుపు వేసుకునే చోటు: కిచెన్ సింక్ సినిమాల్లో ప్రేమల గురించి అపోహలు - వాస్తవాలు

మా ఫిల్మ్ సొసైటీలో బ్రిటిష్ కిచెన్ సింక్ సినిమాలు వేసినప్పుడల్లా తర్వాతి చర్చ నేనే నడుపుతాను. 1959-63 మధ్య వచ్చిన ఈ సినిమాలు, ఉత్తర, మధ్య ఇంగ్లండ్ మిల్లు ఊళ్ళు, ఫ్యాక్టరీ వాడల్లో మామూలు కార్మిక కుటుంబాల బతుకును ఉన్నదున్నట్టు చూపే కథలు. ప్రతిసారీ కొన్ని మాటలు తప్పకుండా వినపడతాయి.

అపోహ: ఇవి ‘అలాంటి’ సినిమాలు. కాకపోతే ‘పెద్దలకు మాత్రమే’ అనే ఎక్స్ సర్టిఫికెట్ ఎందుకిచ్చారు?

వాస్తవం: ‘రూమ్ ఎట్ ద టాప్’ (1959)కి ఎక్స్ ఇచ్చిన మాట నిజమే. కానీ తెర మీద ఇప్పటివాళ్ళు కళ్ళు మూసుకోవాల్సిందేమీ లేదు. అప్పటి జనాన్ని ఉలికిపాటుకు గురిచేసింది పెళ్ళయిన ఆలిస్, కుర్రాడు జో దాపరికం లేకుండా మాట్లాడుకోవడం.

ఈ కథల్లో నేను మొదట చూసేది, ప్రేమికులిద్దరూ కలుసుకునేది ఎక్కడా అని. జో, ఆలిస్‌లకు స్నేహితురాలి ఫ్లాటే గతి. ‘సాటర్డే నైట్ అండ్ సండే మార్నింగ్’ (1960)లో నాటింగ్‌హామ్ సైకిల్ ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేసే ఆర్థర్, తోటి కార్మికుడు ఇంట్లో లేనప్పుడే అతని భార్య బ్రెండా దగ్గరికి వెళ్ళగలడు. ‘ఎ కైండ్ ఆఫ్ లవింగ్’ (1962)లో విక్, ఇంగ్రిడ్ పార్కులోని షెల్టర్‌లో చలికి ముడుచుకుని కూర్చుంటారు. ఆమెకు నెల తప్పాక పెళ్ళి చేసుకుని, అతను అత్తగారింట్లో ఇల్లరికం ఉంటాడు. అసలు నరకం అక్కడ మొదలవుతుంది. తలుపు వేసుకోవడానికి ఓ గది ఉంటే ఈ కథల్లో సగం జరిగేవి కావని నా నమ్మకం.

అపోహ: అన్నీ కోపిష్టి మగాళ్ళ కథలే.

వాస్తవం: ‘ఎ టేస్ట్ ఆఫ్ హనీ’ (1961) చూడండి. అది ఓ అమ్మాయి కథ; సాల్ఫర్డ్ అమ్మాయి షీలా డెలానీ ఇరవై ఏళ్ళైనా నిండకుండా రాసిన నాటకం ఆధారంగా తీశారు.

అపోహ: పెళ్ళి దాటిన ఈ ప్రేమలు స్వేచ్ఛకు గుర్తు.

వాస్తవం: మగాడికైతే కొంతవరకు. ఆర్థర్ నాలుగు దెబ్బలు తిని, కోలుకుని, మరో అమ్మాయితో పెళ్ళికి సిద్ధపడతాడు. కడుపుతో ఉన్న బ్రెండాకు అలాంటి వీలు లేదు. గర్భస్రావాన్ని అనుమతించే చట్టం వచ్చింది 1967లో. నవలలో ఆమె ప్రయత్నం ఫలిస్తుంది. సినిమాలో మాత్రం, సెన్సారువాళ్ళ ఒత్తిడి వల్ల, విఫలమవుతుంది.

ఆలిస్ కథ ఇంకా చేదు. భర్త విడాకులివ్వనంటాడు. తప్పు రుజువు చేయకుండా విడాకులు దొరికే దారి ఇంగ్లండ్‌లో 1971 దాకా దాదాపు లేదు. జో ఆమెను వదిలి మిల్లు యజమాని కూతురు సూసన్‌ను ఎంచుకుంటాడు. ఆ రాత్రే ఆలిస్ తాగి కారు నడిపి చనిపోతుంది. ఈ పాత్రకు సిమోన్ సిన్యోరేకు ఉత్తమ నటిగా ఆస్కార్ వచ్చింది. నేనెన్నిసార్లు చూసినా ఆమె ముఖం దగ్గరే ఆగిపోతాను.

చివర్లో పెళ్ళి కారులో జో కళ్ళు చెమరుస్తాయి. పక్కన కూర్చున్న సూసన్, అతని మనసు ఇంత మెత్తనా అని మురిసిపోతుంది.