ఆస్ట్రానమీ లైబ్రరీ మెయింటెయిన్ చేయడం: జనంలో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

తిథులు, సూర్యోదయాలు, గ్రహాల స్థానాలు లెక్కగట్టే ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీని (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ మూటని) మేం కొంతమందిమి ఖాళీ టైమ్‌లో చూసుకుంటూ ఉంటాం. దాన్ని వాడేవాళ్ళలో పంచాంగం యాప్‌లు రాసేవాళ్ళున్నారు, టెలిస్కోప్ కొనుక్కున్న కాలేజీ పిల్లలున్నారు, జాతకాల సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళున్నారు. అందరి దగ్గర్నుంచీ తిరిగి తిరిగి అవే మాటలు వస్తుంటాయి కాబట్టి ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నా.

అపోహ: గ్రహాల లెక్కలు ఎప్పుడో తేలిపోయినవే కదా, ఒకసారి కోడ్ రాసేస్తే అయిపోయింది, మళ్ళీ మెయింటెనెన్స్ ఏంటి?

వాస్తవం: గ్రహాల వరకైతే ఈ మాట చాలావరకు నిజమే, వచ్చే వందేళ్ళలో గురుడు ఏ రోజు ఎక్కడుంటాడో ఇవాళే చెప్పేయొచ్చు. ఇబ్బంది పెట్టేది మనం నిలబడ్డ భూమే. అది ఒకే వేగంతో తిరగదు. చంద్రుడి వల్ల వచ్చే ఆటుపోట్లు దాన్ని శతాబ్దాల మీద నెమ్మదింపజేస్తుంటాయి, మళ్ళీ మధ్యమధ్యలో కొన్నేళ్ళు కాస్త వేగం పుంజుకుంటుంది కూడా. గ్రహాల లెక్కకి వాడే టైమ్ మాత్రం సమానంగా నడుస్తుంది, దాన్ని టీటీ (టెరెస్ట్రియల్ టైమ్) అంటాం. ఈ టీటీకీ, భూమి నిజంగా తిరిగిన తిరుగుడుకీ మధ్య తేడానే డెల్టా టీ. 1868 ఆగస్టు 18న గుంటూరులో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్ (వెలుగుని రంగులుగా విడదీసే పరికరం) పెట్టుకుని చూసిన సంపూర్ణ సూర్యగ్రహణానికి ఈ తేడా సెకన్లలోనే ఉంటుంది. అదే క్రీస్తుపూర్వం 136లో బాబిలోన్‌లో రాసిపెట్టిన సంపూర్ణ గ్రహణానికి మూడు గంటలు దాటిపోతుంది! భూమి ఎప్పుడూ ఇప్పటి వేగంతోనే తిరిగిందనుకుని లెక్కేస్తే ఆ గ్రహణం బాబిలోన్‌లో పడదు, దాదాపు 49 డిగ్రీలు పడమరకి జరిగి మధ్యధరా సముద్రం అవతలి కొసకి పోతుంది. ఫార్ములాలో తప్పేమీ లేదు, భూమి ఎంత తిరిగిందన్నది ఏ ఫార్ములా చెప్పలేదు, కొలిచి తెలుసుకోవాల్సిందే.

ఆ కొలతలు ఈ రోజుకీ వస్తూనే ఉన్నాయి. భూమి తిరుగుడుని కొలిచే ఐఈఆర్ఎస్ అనే సంస్థ వారం వారం ఇస్తుంది, లీప్ సెకండ్ (గడియారాల టైమ్‌ని భూమి తిరుగుడుతో కలపడానికి సరిచేసే ఒక సెకండ్) ఉంటుందా లేదా అనేది ఆరు నెలలకోసారి చెప్తుంది. 1972 నుంచి 27 లీప్ సెకన్లు కలిపారు, చివరిది 2016 డిసెంబర్ 31 రాత్రి. ఇన్నిసార్లూ కలపడమే గానీ ఒక్కసారి కూడా తీసేయలేదు, అందుకని ఎక్కడెక్కడి కోడ్‌లోనో "లీప్ సెకండ్ అంటే ఎప్పుడూ ప్లస్సే" అని రాసుకుని ఉంటుంది. 2020 నుంచి భూమి కాస్త చురుగ్గా తిరుగుతుండటంతో మైనస్ లీప్ సెకండ్ మాట కూడా వినిపించింది. ఇంకోపక్క 2035 లోపు ఈ పద్ధతినే సడలించాలని 2022లో తూనికలు కొలతల అంతర్జాతీయ సమావేశంలో తీర్మానం చేశారు. అంటే ఇప్పటిదాకా యూటీసీకీ (లోకంలో గడియారాలన్నీ పాటించే టైమ్) భూమి తిరుగుడుకీ తేడా 0.9 సెకండ్ దాటదన్న ధీమాతో రాసిన కోడ్ అంతా మళ్ళీ తెరిచి చూసుకోవాలి, ఎందుకంటే ఒక సెకండ్ తేడా అంటే ఆకాశంలో 15 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకండ్). పంచాంగానికి పర్లేదు, టెలిస్కోప్ తిప్పేవాడికి మాత్రం కుదరదు.

ఇంకోటి, ఆ డేటా వచ్చే దారులు కూడా మారతాయి. 2019 చివర్లో అమెరికా నేవల్ అబ్జర్వేటరీ వెబ్‌సైట్లు ఆధునీకరణ కోసం ఆఫ్‌లైన్‌కి వెళ్ళినప్పుడు, అక్కణ్ణుంచి ఆటోమేటిక్‌గా ఫైళ్ళు తెచ్చుకునే ప్రోగ్రాములు చాలా ఆగిపోయాయి. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, అయినా ఆగిపోయింది. అందుకే డౌన్‌లోడ్ కుదరనప్పుడు ఏం చేయాలి, పాత ఫైలు ఎన్నాళ్ళు నమ్మొచ్చు, యూజర్‌కి ఎలా చెప్పాలి అనే వాటి మీద మేం పెట్టే టైమ్ గ్రహాల మీద పెట్టేదానికన్నా ఎక్కువ.

అపోహ: నాసా డేటా వాడుతున్నాం కాబట్టి జవాబు కరెక్టే.

వాస్తవం: నాసా ల్యాబ్ జేపీఎల్ వాళ్ళ గ్రహాల స్థానాల ఫైలు డీఈ440 నిజంగా గొప్ప పని, అపోలో యాత్రల్లో చంద్రుడి మీద పెట్టిన అద్దాలకి లేజర్ కొట్టి కొలిచిన దూరాలు, గురుడి దగ్గర జూనో అంతరిక్ష నౌక ఇచ్చిన సమాచారం అన్నీ అందులో ఉన్నాయి. కానీ అది ఇచ్చేది సౌర కుటుంబం మొత్తం గరిమనాభి నుంచి చూస్తే ఫలానా గ్రహం ఎక్కడుందో చెప్పే మూడు అంకెలు, అంతే. హైదరాబాద్‌లో మేడ మీద నిలబడ్డ మనిషికి అది ఎక్కడ కనిపిస్తుందో చెప్పాలంటే వెలుగు ప్రయాణించే టైమ్ తీసేయాలి, భూమి కదలిక వల్ల కనిపించే చోటు కాస్త జరగడాన్ని, అంటే అబరేషన్‌ని కలపాలి, భూమి అక్షం తిరిగే ప్రెసెషన్, ఊగే న్యూటేషన్, ఆపైన చూసే ఊరు, గాలి పొర వంపు. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కోటి మర్చిపోవచ్చు.

ఈ పని కొన్నాళ్ళు చేశాక తప్పు సైజుని బట్టే ఏది మర్చిపోయారో తెలిసిపోతుంది, నాకు ఈ పనిలో బాగా ఇష్టమైన భాగం ఇదే. తిథి ముగింపు ఒక నిమిషం 9 సెకన్లు తేడా వస్తోందని ఎవరైనా రాస్తే కోడ్ చూడక్కర్లేదు, టీటీ ఇవ్వాల్సిన చోట యూటీసీ ఇచ్చారు. 40 సెకన్లు తేడా అయితే సూర్యుడికి అబరేషన్ కలపలేదు, ఎందుకంటే అది 20.5 ఆర్క్‌సెకన్లు, తిథిని తేల్చే చంద్ర సూర్యుల మధ్య కోణం సెకండ్‌కి దాదాపు అర ఆర్క్‌సెకండ్ చొప్పున పెరుగుతుంది. గ్రహం స్థానం దాదాపు మూడో వంతు డిగ్రీ జరిగిందంటే 2000 సంవత్సరపు ఫ్రేమ్‌ని (స్థానాలు కొలవడం మొదలుపెట్టే ఆధారాన్ని) ఇవాళ్టి ఫ్రేమ్ అనుకున్నారు, ఏడాదికి 50 ఆర్క్‌సెకన్ల పైచిలుకు చొప్పున పోగైన ప్రెసెషన్ అది. చంద్రుడు ఒక్కడే డిగ్రీ దాకా పక్కకి ఉన్నాడంటే భూమి మధ్యలోంచి చూసిన లెక్క ఇచ్చారు, మన ఊరి నుంచి చూసిన లెక్క కాదు. చంద్రోదయం నాలుగు నిమిషాలు ముందే చూపిస్తుంటే ఉదయించే క్షణంలో బింబం మధ్య బిందువు దిగంతానికి ఎంత ఎత్తులో ఉండాలో చెప్పే నంబర్, సూర్యుడికి వాడే మైనస్ 0.833 డిగ్రీలనే చంద్రుడికీ పెట్టారు. చంద్రుడు దగ్గరగా ఉంటాడు కాబట్టి అక్కడ పెట్టాల్సింది దాదాపు ప్లస్ 0.125. అట్లతద్ది రోజు పొద్దుట్నుంచి ఉపవాసం ఉండి చంద్రుడి కోసం ఎదురుచూసే పిల్లలకి ఆ నాలుగు నిమిషాలు చిన్న విషయం కాదు.

సూర్యోదయంలో మూడున్నర నిమిషాల తేడా అయితే అసలు బగ్గే కాకపోవచ్చు. సూర్యబింబం పై అంచు, గాలి వంపుతో కలిపి కనిపించే క్షణం ఒక సూర్యోదయం, బింబం మధ్య బిందువు గాలి వంపు లేకుండా దిగంతాన్ని తాకే క్షణం ఇంకో సూర్యోదయం. మన అక్షాంశాల్లో ఈ రెంటి మధ్య దాదాపు అంతే తేడా ఉంటుంది. ఏది కావాలన్నది అడిగేవాళ్ళు చెప్పాలి, ఏది ఇస్తున్నామన్నది మేం స్పష్టంగా రాయాలి.

అపోహ: రెండు పంచాంగాలు వేరు వేరు టైమ్ చూపిస్తే ఒకదాంట్లో బగ్ ఉన్నట్టే.

వాస్తవం: ప్రతి ఏడాదీ పండగల సీజన్‌లో ఈ ప్రశ్నతోనే మా ఇష్యూ ట్రాకర్ నిండిపోతుంది. సూర్య సిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథం బాటలో పూర్వ పద్ధతిగా చేసే పంచాంగంలో చంద్రుడి స్థానానికి ఒకే పెద్ద సంస్కారం (సవరణ) ఉంటుంది, గరిష్ఠంగా 5 డిగ్రీలు. ఆకాశంలో నిజంగా కనిపించేదానికి సరిపోయేలా చేసే దృక్ లెక్కలో దానికి తోడు ఎవెక్షన్ 1.27 డిగ్రీలు, వేరియేషన్ 0.66 డిగ్రీలు అనే సవరణలు, ఇంకా చిన్నచిన్నవి ఎన్నో కలుస్తాయి. చిత్రం ఏంటంటే అమావాస్య, పున్నమి దగ్గర ఈ రెండు లెక్కలూ బాగానే కలుస్తాయి, ఎందుకంటే అక్కడ ఎవెక్షన్ ఆ ఒక్క సంస్కారంలోనే కలిసిపోతుంది, గ్రహణాలు వచ్చేది కూడా ఆ రోజుల్లోనే. అష్టమి చుట్టుపక్కల మాత్రం తిథి ముగింపులో తేడా కొన్ని గంటల దాకా పోతుంది. కాబట్టి ఎవరైనా "అష్టమి నాలుగు గంటలు తేడా ఉంది, పున్నమి సరిపోయింది" అంటే అది మా కోడ్‌లో తప్పు కాదు, ఆ పంచాంగంలోనూ తప్పు కాదు, రెండూ రెండు పద్ధతులు. మా వరకు మేం రెండు పద్ధతులూ పెట్టాం, దేనికి ఏ పేరో ఫంక్షన్ పేరులోనే కనిపించేలా పెట్టాం. ఏది పాటించాలో చెప్పే పని లైబ్రరీది కాదు, ఆ గీత దాటకూడదని గట్టిగా నమ్ముతాను.

అయనాంశ (రాశులని నక్షత్రాల నుంచి లెక్కించడానికి ప్రెసెషన్ మేరకు తీసేసే కోణం) గురించి కూడా ఇక్కడే చెప్పాలి. "మీ తిథి తప్పు, మీరు లాహిరి అయనాంశ వాడలేదేమో" అని చాలామంది రాస్తారు. తిథి అంటే చంద్రుడికీ సూర్యుడికీ మధ్య ఉన్న కోణం, ఇద్దరి నుంచీ ఒకే అయనాంశ తీసేస్తే తేడా ఏం మారదు, ఏది వాడినా తిథి ఒక్కటే. మారేది నక్షత్రం, యోగం, సంక్రాంతి. లాహిరి అయనాంశకీ రామన్ అయనాంశకీ దాదాపు ఒకటిన్నర డిగ్రీ తేడా, చంద్రుడు ఆ దూరం నడవడానికి రెండున్నర గంటలు దాటుతుంది, సూర్యుడికైతే ఒకటిన్నర రోజు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళ దగ్గర్నుంచి వచ్చేది దీనికి చుట్టమే. తిథి ముగిసే క్షణం లోకమంతటికీ ఒక్కటే, కానీ న్యూజెర్సీలో సూర్యోదయం హైదరాబాద్ సూర్యోదయం కాదు, కాబట్టి "సూర్యోదయానికి ఉన్న తిథి" అనే నియమంతో చూస్తే పండగ ఒక రోజు ముందుకో వెనక్కో జరగొచ్చు, అందులో తప్పేం లేదు. టైమ్‌జోన్ మాత్రం జాగ్రత్త, చేత్తో 5:30 అని రాయొద్దు, టైమ్‌జోన్ డేటాబేస్ వాడండి. ఇండియాలోనే 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ మధ్య దాకా యుద్ధం వల్ల గడియారాలు 6:30 మీద నడిచాయి, ఆ రోజుల్లో పుట్టిన పెద్దవాళ్ళ లగ్నం గంట పక్కకి పోతుంది.

అపోహ: దశాంశం తర్వాత ఎన్ని అంకెలుంటే అంత కచ్చితం.

వాస్తవం: కాదు. సూర్యోదయాన్ని మిల్లీసెకన్లలో చూపించే యాప్‌లున్నాయి, దిగంతం దగ్గర గాలి ఉష్ణోగ్రత, ఒత్తిడి మారితేనే సెకన్లు మారిపోతాయి. జూలియన్ డే నంబర్‌ని (తేదీని వరస రోజుల లెక్కగా రాసే అంకెని) ఒకే 64 బిట్ ఫ్లోట్‌లో (కంప్యూటర్ దశాంశ సంఖ్యలో) పెడితే దాని అడుగు దాదాపు 40 మైక్రోసెకన్లు, అంతకన్నా సన్నగా కావాలనే ఈఆర్ఎఫ్ఏ, ఆస్ట్రోపై లాంటి ఖగోళ లైబ్రరీలు తేదీని రెండు ఫ్లోట్‌లుగా పట్టుకుంటాయి. ఎక్కువ కచ్చితత్వం ఊరికే రాదు కూడా, డీఈ440 ఫైలు 114 ఎంబీ, తక్కువ ఏళ్ళకే పరిమితమైన డీఈ440ఎస్ 32 ఎంబీ. ఫోన్‌లో పంచాంగం చూపించడానికి 10 ఆర్క్‌సెకన్ల తప్పుతో ఉండే చిన్న చంద్రుడి సిరీస్ చాలు, తిథిలో 20 సెకన్ల తేడా వస్తుంది, ఆ మాట డాక్యుమెంటేషన్‌లో రాసేస్తే ఎవరికీ నష్టం లేదు.

అపోహ: టెస్టులన్నీ పచ్చగా పాసయ్యాయి, ఇక రిలీజ్ చేసేయొచ్చు.

వాస్తవం: ఆ టెస్టుల్లో నంబర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో అడగండి. మన కోడ్ ఇచ్చిన జవాబునే కాపీ చేసి టెస్ట్‌లో పెట్టుకుంటే నిన్నటి తప్పు ఇవాళ కూడా అలాగే ఉందని మాత్రమే తెలుస్తుంది. జేపీఎల్ వాళ్ళ ఆన్‌లైన్ గణన సేవ హొరైజన్స్ లాంటి వేరే చోటి నుంచి తెచ్చుకోవాలి, ఏ సెట్టింగులతో తెచ్చామో పక్కనే రాయాలి. తర్వాత, చివరి అంకె దాకా కలవాలని టెస్ట్ రాయొద్దు, ఇంటెల్‌లో పాసైంది ఏఆర్ఎం ప్రాసెసర్‌లో ఫెయిలవుతుంది, ఎందుకంటే అక్కడ కంపైలర్ గుణకారం, కూడిక కలిపి ఒకే అడుగులో చేసేసి చివరి బిట్ మార్చేస్తుంది.

అంచు కేసులు మరీ ముఖ్యం. చంద్రుడు రోజూ సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు, కాబట్టి నెలకోసారి, బహుళ అష్టమి అటూఇటూ, అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా చంద్రోదయమే లేని తేదీ ఒకటి వస్తుంది. నార్వేలో ట్రోమ్సోలో ఉండే తెలుగు కుటుంబానికి మే మధ్య నుంచి జూలై చివర దాకా సూర్యోదయమే ఉండదు. అలాంటప్పుడు లైబ్రరీ సున్నా ఇవ్వకూడదు, క్రాష్ అవ్వకూడదు, "ఈ రోజు ఉదయించడం లేదు" అని తిన్నగా చెప్పాలి.

అపోహ: ఓపెన్ సోర్స్ కదా, ఎలాగైనా వాడుకోవచ్చు.

వాస్తవం: లైసెన్స్ చదవండి. గ్రహాల స్థానాలు లెక్కగట్టే స్విస్ ఎఫెమెరిస్ అనే లైబ్రరీ ఏజీపీఎల్ (వాడేవాళ్ళు తమ సోర్స్ కూడా బయటపెట్టాలనే లైసెన్స్) కింద వస్తుంది, సోర్స్ బయటపెట్టడం ఇష్టం లేకపోతే డబ్బు కట్టి వేరే లైసెన్స్ తీసుకోవాలి. అంతర్జాతీయ ఖగోళ సంఘం (ఐఏయూ) వాళ్ళ సోఫా కోడ్‌కి తన షరతులున్నాయి, అందుకే దాని ఆధారంగా, సడలింపులెక్కువ ఉండే బీఎస్‌డీ లైసెన్స్‌తో ఈఆర్ఎఫ్ఏ విడిగా ఉంది.

అపోహ: ఇందులో చేరాలంటే పీహెచ్‌డీ ఉండాలి.

వాస్తవం: నిజామియా అబ్జర్వేటరీ సంగతి చూడండి. 20వ శతాబ్దం మొదటి సగంలో హైదరాబాద్‌లో కూర్చుని, ఆకాశమంతా ఫోటోలు తీసి నక్షత్రాల జాబితా చేసే ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ కోసం మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీ, తర్వాత ఉత్తరాన ప్లస్ 36 నుంచి 39 డిగ్రీల పట్టీ ఫోటో ప్లేట్ల మీద తీసి, లక్షల నక్షత్రాల స్థానాలు ఒక్కొక్కటీ కొలిచారు. 2000లో వచ్చిన టైకో-2 అనే నక్షత్రాల కేటలాగ్‌లో 25 లక్షల నక్షత్రాల సొంత కదలికలు లెక్కగట్టింది అలాంటి పాత కొలతలని ఉపగ్రహం కొలతలతో పోల్చే. ఇవాళ మనం ఆ పట్టీలో ఒక నక్షత్రాన్ని పదేళ్ళు ముందుకి జరిపి చూపిస్తుంటే దాని వెనక బేగంపేటలో ఎవరో ఓపిగ్గా కొలిచిన కొలత ఉండే అవకాశం చాలా ఉంది. ఓపిక, శ్రద్ధగా రాసిపెట్టే అలవాటు, ఈ రెండూ ఉన్నవాళ్ళు మాకు కావాలి.

బగ్ రిపోర్ట్ రాసేటప్పుడు "మీ టైమ్ తప్పు" అని వదిలేయకండి. తేదీ, ఊరి అక్షాంశం రేఖాంశం, ఏ టైమ్‌జోన్, లైబ్రరీ వెర్షన్, మీకొచ్చిన జవాబు, దేంతో పోల్చారో దాని జవాబు, ఇవి ఇస్తే చాలు, తేడా సైజు చూసి మిగతాది మేం పట్టుకుంటాం. కోడ్ రానివాళ్ళు డాక్యుమెంటేషన్‌ని తెలుగులో రాయడానికి రండి. ఇంట్లో తాతల నాటి ముద్రిత పంచాంగాలు ఉన్నవాళ్ళైతే, సంవత్సరం పేరు, ఏ ఊరికి గణించారో, ఏ పద్ధతో కనిపించేలా రెండు మూడు పేజీలు ఫోటో తీసి పంపండి, పూర్వ పద్ధతి కోడ్‌ని సరిచూసుకోవడానికి మా దగ్గర ఇప్పుడు బాగా తక్కువగా ఉన్నది అదే.