చిన్న ఆంప్లిఫైయర్ పెట్టినా స్పీకర్ ఎందుకు కాలుతుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

గణేశ్ నిమజ్జనం అయిన వారానికి, మళ్లీ మాఘంలో చెరువుగట్టు జాతర ముగిశాక, నల్గొండలోని మా మరమ్మతు బల్ల ముందు కాలిన స్పీకర్లు వరుస కడతాయి. తెచ్చినవారు చెప్పే కారణాలు మాత్రం ఏటా అవే.

అపోహ: చిన్న ఆంప్లిఫైయర్ పెడితే స్పీకర్‌కు భయం లేదు.

మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ స్పీకర్లను మింగింది ఈ నమ్మకమే. ఏ ఆంప్లిఫైయరైనా తన పవర్ సప్లై ఇచ్చే వోల్టేజిని దాటలేదు. మిక్సర్ ఫేడర్ (సౌండు పెంచే జారుడు మీట) ఇంకా పైకి తోస్తే తరంగం తల తెగి చదునవుతుంది. అదే క్లిప్పింగ్. పూర్తిగా చతురస్రమైన తరంగం, అంతే ఎత్తున్న, నున్నగా వంపు తిరిగే సైన్ తరంగం కన్నా రెట్టింపు శక్తిని మోస్తుంది. 250 వాట్ల ఆంప్లిఫైయర్ కూడా 500 వాట్లకు దగ్గరగా కాయిల్‌లో (స్పీకర్ లోపలి తీగచుట్టలో) పోయగలదన్నమాట. అందులో సింహభాగం వేడిగానే మారుతుంది.

మొదట పోయేది టాప్ బాక్సులో పై స్థాయి శబ్దాలు పలికే చిన్న స్పీకర్, అంటే హెచ్‌ఎఫ్ డ్రైవర్. పాటలో పై స్థాయి శబ్దాలకు మామూలుగా దక్కే శక్తి తక్కువ కాబట్టి దాని కాయిల్ తీగ సన్నం. క్లిప్ అయ్యాక బేస్ పెరగడం ఆగిపోతుంది, పై శబ్దాలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. తెగిన అంచుల నుంచి పుట్టే హార్మోనిక్స్ అనే కొత్త పై శబ్దాలు అదనం.

పల్లెల్లో దీనికి తోడు కరెంటు. దూరపు స్తంభం నుంచి వైరు లాగితే 230 వోల్టులు మండపం దగ్గరికి 190 కావచ్చు. పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం ఆంప్లిఫైయర్ శక్తి అప్పుడు మూడింట రెండు వంతులకు పడిపోతుంది. పగలు శుభ్రంగా పలికిన ఫేడర్ స్థానంలోనే రాత్రి క్లిప్ అవుతోందని చెప్పే ఎర్ర లైటు వెలుగుతుంది.

అపోహ: క్లిప్ అయితే డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) వచ్చి కాల్చేస్తుంది.

అవి రెండు వేర్వేరు జబ్బులు. పైనా కిందా సమంగా తెగిన తరంగంలో డీసీ ఉండదు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయినప్పుడు, ప్రొటెక్షన్ రిలే పనిచేయకపోతే డీసీ వస్తుంది. అలా పోయిన స్పీకర్ కోన్ ముందుకో వెనక్కో బిగుసుకుపోయి ఉంటుంది. ఓవర్‌లోడ్‌తో పోయినదాన్ని వేళ్లతో మెల్లగా నొక్కితే గరగరమంటుంది. విప్పితే కాయిల్ వార్నిష్ నల్లబడి చుట్లు ఊడి కనిపిస్తాయి. కాయిల్ కాలకుండా ఫార్మర్ (కాయిల్ చుట్టిన గొట్టం) అంచు నలిగి ఉంటే, అది వేడి పని కాదు, బేస్ కోన్‌ను హద్దు మీరి ఊపిన పని.

అపోహ: వాల్యూమ్ నాబ్ సగంలో ఉంచాం, సగం శక్తే వెళుతుంది.

నాబ్ లోపలికి వచ్చే సిగ్నల్‌ను తగ్గిస్తుందంతే. మిక్సర్ గట్టిగా తోస్తే సగం నాబ్‌లోనూ పూర్తి శక్తి బయటికి వస్తుంది. మిక్సర్‌లోనే క్లిప్ అయిన పాటకు ఆంప్లిఫైయర్ ఎర్ర లైటు వెలగకపోవచ్చు కూడా.

అపోహ: ఫ్యూజు ఉంది కదా!

ఫ్యూజు కరిగేలోపు హెచ్‌ఎఫ్ కాయిల్ ఎప్పుడో పోయి ఉంటుంది.

అపోహ: సౌండు తగ్గింది, కాస్త పెంచితే సరిపోతుంది.

గంటల తరబడి మోగిన కాయిల్ 200 డిగ్రీలు అదనంగా వేడెక్కితే రాగి నిరోధం దాదాపు 1.8 రెట్లవుతుంది. సౌండు తగ్గేది అందుకే. అప్పుడు ఫేడర్ పెంచడం గోరుచుట్టు మీద రోకటి పోటు. పది నిమిషాలు తగ్గించి చల్లారనివ్వండి.

మరి ఏం చేయాలి? బాక్సు మీద రాసిన పీక్ వాట్లను నమ్మకండి, ఆర్‌ఎంఎస్ (నిలకడగా తట్టుకునే వాట్లు) చూడండి. 400 వాట్ల ఆర్‌ఎంఎస్, 8 ఓమ్స్ స్పీకర్‌కు క్లిప్ కాకుండా ఉండేందుకు 600 నుంచి 800 వాట్ల ఆంప్లిఫైయర్ మేలు, లిమిటర్ (సిగ్నల్‌ను హద్దు దాటనివ్వని ఏర్పాటు) ఉంటేనే సుమా. 400ను 8తో గుణించి వర్గమూలం తీస్తే సుమారు 57 వోల్టులు. ఆర్‌ఎంఎస్ లిమిటర్‌ను అక్కడికి, లేదా ఇంకాస్త కిందకు పెట్టాలి. బేస్ బాక్సుకు దాని ట్యూనింగ్ (బాక్సును కుదిర్చిన ఫ్రీక్వెన్సీ) కన్నా కింది ఫ్రీక్వెన్సీలను హైపాస్ ఫిల్టర్‌తో కోసేయాలి. ఆ తర్వాత ఈ సెట్టింగులు ఉండే ప్రాసెసర్‌కు పాస్‌వర్డ్ పెట్టి, బరాత్‌లో పెళ్లికొడుకు మేనమామ వచ్చి బతిమాలినా చెప్పకండి.